పాత సిల్వరాడోకి ముల్లు 40 మీదే ఉండాలా?

టెక్సస్‌లో షెవీ సిల్వరాడో, ఫోర్డ్ లాంటి పాత పికప్ ట్రక్కులు కొంటున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఈ వారంలో నాకే నాలుగుసార్లు వచ్చింది. అందులో చెప్పేది ఇదీ: ఇంజన్ ఆయిల్ ప్రెషర్ చూపించే గేజ్ ముల్లు ఎప్పుడూ 40 మీదే ఉండాలి, తగ్గిందంటే ఇంజన్ పని అయిపోయినట్టే. చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే సర్దుకుంటుంది. ముల్లు సున్నాకి పడితే అది సెన్సార్ తప్పే, వైరు పీకేసి నడుపుకోవచ్చు. ముల్లు కదలకుండా మధ్యలో నిలిచే పాత ఫోర్డ్ కళ్లు మూసుకుని కొనొచ్చు. వెయ్యి మైళ్లకోసారి ఆయిల్ ఫిల్టర్ మార్చాలి.

ఫిల్టర్‌కి ఒక్క మాట చాలు: అది డబ్బు దండగ.

ఇక 40 సంగతి. 1999-2006 సిల్వరాడో 5.3 లీటర్ల ఇంజన్‌కి, వేడెక్కాక ఉండాల్సిన కనీస ప్రెషర్ 1000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 6 పీఎస్ఐ (ప్రెషర్ కొలత, గేజ్ మీది అంకెలు ఇవే), 2000 దగ్గర 18, 4000 దగ్గర 24. ఆయిల్ పంపు ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌తోనే తిరుగుతుంది, కాబట్టి ఇంజన్ నెమ్మదిస్తే పంపూ నెమ్మదిస్తుంది. పైగా వేడికి ఆయిల్ పలచబడుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే 55 చూపించి, మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర 25కి దిగిన బండికి ఏ రోగమూ లేదు. అయితే ఏళ్ల తరబడి సిగ్నల్ దగ్గర 30 చూపించిన ముల్లు ఈ నెల 12కి దిగితే, కనీసానికి పైనే ఉంది కదా అని వదిలేయకూడదు.

ఫోర్డ్ మాట వింటే ఒళ్లు మండుతుంది. 1987 తర్వాతి ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌ల్లో ఆ గేజ్ వెనక ఉన్నది సెన్సార్ కాదు, మామూలు స్విచ్. ప్రెషర్ సుమారు 6 పీఎస్ఐ దాటితే చాలు, ముల్లు మధ్యకు వచ్చి అక్కడే కూర్చుంటుంది. 8 ఉన్నా అక్కడే, 60 ఉన్నా అక్కడే. ఆ ముల్లును చూసి వేల డాలర్లు పెట్టమంటారా?

అసలు ప్రమాదం సున్నా సలహాలో ఉంది. ఈ సిల్వరాడోల్లో సెన్సార్లు పాడవుతాయన్నది నిజమే. కానీ మీ బండిలో పాడైంది సెన్సారా, పంపా అన్నది డ్రైవర్ సీట్లోంచి తెలియదు. ఆయిల్ అందకపోతే బేరింగులు అరిగిపోవడానికి ఎంతోసేపు పట్టదు. చప్పుడు లేదు కదా అన్న ధైర్యమూ పనికిరాదు, చప్పుడు వినబడేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. ముల్లు పడగానే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపండి. కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ గుర్తు కంటే కింద ఉంటే పోయండి. సరిపడా ఉంటే మళ్లీ స్టార్ట్ చేయకుండా టో ట్రక్ పిలవండి. వంద డాలర్ల సెన్సారేనని పందెం కాసి నాలుగు వేల డాలర్ల ఇంజన్ పోగొట్టుకోమని ఊరందరికీ చెప్పడం ఏం బాధ్యత?

20డబ్ల్యూ-50 పోస్తే ముల్లు లేస్తుంది, కాదనను. కానీ ఆయిల్ చిక్కబడి ముల్లు లేచినంత మాత్రాన అరిగిన బేరింగ్ బాగుపడదు, దాని అరుగుదల మీకు కనబడకుండా పోతుంది, అంతే. పైగా ఈ మెసేజ్ మిషిగన్ దాకా వెళ్తోంది. అక్కడి చలికాలంలో 20డబ్ల్యూ ఆయిల్ పైనున్న లిఫ్టర్లకు (వాల్వులను కదిలించే భాగాలకు) చేరేలోపు అవి ఎండిపోయి టకటకలాడతాయి. ఒక్క విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాళ్లతో కొంత ఏకీభవిస్తాను. టెక్సస్ ఎండల్లో, రెండు లక్షల మైళ్లు తిరిగిన బండికి 5డబ్ల్యూ-30 బదులు చలిలో కాస్త చిక్కగా ఉండే 10డబ్ల్యూ-30 పోయడం తప్పేమీ కాదు.

అనుమానం ఉంటే కొలవండి. ఇంజన్ చల్లారాక, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే భాగం) వెనక ఉన్న సెన్సార్ విప్పి, ఆ రంధ్రానికి ఎం16×1.5 అడాప్టర్‌తో 0-100 మెకానికల్ గేజ్ బిగించండి. ఇరవై నిమిషాలు నడిపి, ఐడిల్‌లోనూ (బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు) 2000 ఆర్‌పీఎం దగ్గరా అంకెలు రాసుకోండి. అవి బాగుంటే సెన్సార్ మార్చుకోండి. నిజంగానే తక్కువ వస్తే, పంపు కొనేముందు ఆయిల్ పాన్‌లోంచి పంపుకి ఆయిల్ అందించే పికప్ ట్యూబ్ ఓ-రింగ్ (రబ్బరు రింగు) చూడండి. అది గట్టిపడి చిట్లితే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తుంది. కొత్తది కొనేటప్పుడు మీ ట్యూబ్‌కి సరిపడే మందమే అడగండి, ఈ ఇంజన్లకు ఒకటి కంటే ఎక్కువ రకాలున్నాయి.