మానిటర్ ఆపేసి చూస్తే తెలుస్తుంది యాంటీవైరస్ సంగతి

కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా కొత్త ల్యాప్‌టాప్ కొంటే బిల్లు కొట్టే ముందు షాపు కుర్రాడు తప్పకుండా అడిగే మాట, "యాంటీవైరస్ కూడా వేసేయమంటారా సార్?" అని. చాలామంది వేయమంటారు. ఏడాదికి సరిపడా కీ ఉన్న పెట్టె చేతికొస్తుంది. కొన్నది చూపు లేని మనిషైతే చిక్కు ఆ పెట్టె దగ్గరే మొదలవుతుంది. కీ మీద పూత గోకాలి, ఆ అక్షరాలు, అంకెలు ఎవరో ఒకరు చదివి చెప్పాలి. ఎవరూ లేకపోతే ఫోన్‌లో లుకౌట్ లాంటి యాప్ తెరిచి కెమెరా పట్టుకుని, అది ఎనిమిదిని 'బి' అని చదువుతుంటే మళ్లీ మళ్లీ సరిచూసుకోవాలి.

అది ఒకనాటి అవస్థ, పోనిద్దాం. అసలు సంగతి రోజువారీ వాడకంలో ఉంది. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని గొంతుతో వినిపించే ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ అంటారు. మన దగ్గర అంధులు ఎక్కువగా వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టాడు. ఆయనకూ చూపు లేదు. పైసా ఖర్చు లేదు, తెలుగు గొంతూ ఉంది. అయితే అది తెరను చూసి చదవదు. "ఇది బటన్, దీని పేరు ఇది, ఇప్పుడు ఆన్‌లో ఉంది" అని ఆ ప్రోగ్రామే విండోస్‌కు చెప్పాలి. అలా చెప్పిందే మన చెవిన పడుతుంది. ఆకర్షణ కోసం తెరను సొంతంగా గీసుకునే కొన్ని యాంటీవైరస్‌లు ఈ పని వదిలేస్తాయి. ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ "బటన్... బటన్... గ్రాఫిక్" అని తప్ప ఏమీ వినపడదు. ఏ బటన్ స్కాన్ చేస్తుందో, ఏది రక్షణను ఆపేస్తుందో దేవుడికెరుక. అంతా బాగుంటే ఆకుపచ్చ, తేడా వస్తే ఎరుపు! రంగు చెవికి వినపడుతుందా?

ఇంకో ఇబ్బంది యాంటీవైరస్ స్వభావంలోనే ఉంది. వైరస్‌లు తన జోలికి రాకుండా అది తన విండోల్లోకి వేరే ప్రోగ్రాములను చొరబడనివ్వదు. స్క్రీన్ రీడర్ పని జరగాలంటే చాలాచోట్ల ఆ చొరబాటే కావాలి. పైగా స్క్రీన్ రీడర్ మనం నొక్కిన ప్రతి కీనీ గమనిస్తుంది, దొంగ ప్రోగ్రాములు చేసేదీ అదే. కాబట్టి కాపలాదారు అప్పుడప్పుడు ఇంటివాడినే అనుమానిస్తాడు.

యాంటీవైరస్‌లకు మార్కులేసే పరీక్షా సంస్థలు చూసేవి ముఖ్యంగా మూడు: ఎన్ని వైరస్‌లను పట్టింది, కంప్యూటర్‌ను ఎంత నెమ్మది చేసింది, మంచి ఫైళ్లను ఎన్నిసార్లు తప్పుగా అనుమానించింది. స్క్రీన్ రీడర్‌తో నడుస్తుందా లేదా అన్నదానికి అక్కడ మార్కుల్లేవు. నా దృష్టిలో అంధులకు మొదట చూడాల్సింది అదే. హెచ్చరిక వచ్చినప్పుడు దాన్ని విని, జవాబు నొక్కలేకపోతే, నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న యాంటీవైరస్ అయినా ఆ కంప్యూటర్ భద్రతను పక్కింటి అబ్బాయి తీరికకు వదిలేసినట్టే.

అందుకే ఎవరడిగినా నా సలహా ఒకటే: విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ చాలు. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి ఎంటర్ కొడితే చాలు, ట్యాబ్‌తో ప్రతి అంశమూ పేరుతో సహా వినిపిస్తుంది. జిరాక్స్ షాపు నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్ మీద షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే మెనూలోనే స్కాన్ ఉంటుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే పాత జబ్బు మన ఊళ్ల పెన్‌డ్రైవ్‌లను ఇంకా వదల్లేదు గనుక ఈ ఒక్కటి అలవాటు చేసుకున్నా మేలే. హెచ్చరిక మూలన మెరిసి మాయమైనా విండోస్ 11లో విండోస్ కీతో ఎన్ నొక్కి మళ్లీ వినొచ్చు. డిఫెండర్‌కు లోపాలు లేవని కాదు. ఇంటర్నెట్ లేనప్పుడు దాని పట్టు తగ్గుతుంది. డబ్బు పెట్టి ఇంకోటి కొనాలనుకుంటే కొనండి. కాకపోతే ముందు ట్రయల్ వేసుకుని, మానిటర్ ఆపేసి, మౌస్ పక్కన పెట్టి స్కాన్, అప్‌డేట్, అన్‌ఇన్‌స్టాల్ మూడూ చేసి చూడండి. వేరే యాంటీవైరస్ వేయగానే డిఫెండర్ తప్పుకుంటుందన్నదీ గుర్తుండాలి.

పాత ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్‌కు వైరస్ వివరాలు ఇంకొన్నాళ్లు అందుతాయి గానీ, విండోస్‌లోని కంతలు పూడ్చకపోతే ఏ యాంటీవైరస్ అయినా ఎంతని కాస్తుంది?

ఇంకో రెండు ప్రమాదాలు అంధులకు మరింత ఎక్కువ. జాస్ స్క్రీన్ రీడర్ ఖరీదైనది కావడంతో దాని క్రాక్ కాపీలు చేతులు మారుతుంటాయి. "యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి" అన్నది ఆ కాపీలతో పాటు వచ్చే మొదటి షరతు. ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంటే ఆ పని ఎందుకో నాకర్థం కాదు. రెండోది దొంగ హెచ్చరిక. ఏదో సైట్ తెరవగానే సైరన్ మోగి, "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని స్క్రీన్ రీడరే గట్టిగా చదివేస్తుంది. అదే గొంతు, అదే తీరు, నమ్మబుద్ధేస్తుంది. అప్పుడు ఇన్సర్ట్, టీ కలిపి నొక్కితే విండో పేరు చెబుతుంది. చివర క్రోమ్ అనో ఎడ్జ్ అనో వినపడితే అది వెబ్ పేజీ మాత్రమే, ఆల్ట్, ఎఫ్4తో మూసేయండి. డబ్బు పోయాక తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఈ జాగ్రత్తలన్నీ వాడేవాళ్లే పడాలా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటును జీవించే హక్కులో భాగమని చెప్పింది. కాబట్టి దివ్యాంగులకు ల్యాప్‌టాప్‌లు కొనిచ్చే ప్రభుత్వ శాఖలు టెండర్‌లో ర్యామ్ ఎంత, హార్డ్‌డిస్క్ ఎంత అని రాస్తే సరిపోదు. పంపిణీకి ముందు ఒక్కో మోడల్‌ను ఒక అంధ ఉద్యోగి ముందు పెట్టి, పక్కన ఎవరూ సాయం చేయకుండా ఆయన యాంటీవైరస్ తెరిచి స్కాన్ పూర్తి చేసి చూపించాకే కంపెనీకి బిల్లు చెల్లిస్తామన్న షరతు కూడా రాయాలి.