నోరు కూడా ఒంట్లో భాగమే

పన్ను నొప్పి వస్తే డెంటిస్టు దగ్గరికి, మిగతా ఏది వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్తాం. దీనికి ఎంత అలవాటు పడ్డామంటే, బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని ఫిజీషియన్‌కి చెప్పాలని మనకు తోచదు. వాళ్లూ అడగరు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ చూస్తారు, నోరు తెరవమన్నా గొంతు చూసి వదిలేస్తారు. పంటి వైద్యాన్నీ ఒంటి వైద్యాన్నీ ఇలా వేరు చేసిన గోడ ఇక ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. గత పదిహేనేళ్లలో ఒక్క బాక్టీరియా గురించి బయటపడిన సంగతులు చాలు, ఎందుకో చెప్పడానికి.

దాని పేరు ఫ్యూజోబాక్టీరియం న్యూక్లియేటమ్. పళ్ల మీద పేరుకునే పాచిలో ఉంటుంది. మొదట చేరే బాక్టీరియాకీ, తర్వాత వచ్చి చిగుళ్లను పాడుచేసే వాటికీ మధ్య అతుకులా పనిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగులో ఇది పెద్దగా కనిపించదు. అలాంటిది 2011లో అమెరికాలో ఒక బృందం, కెనడాలో మరో బృందం విడివిడిగా పెద్దపేగు క్యాన్సర్ కణితులను పరీక్షించినప్పుడు, పక్కనున్న మామూలు కణజాలంలో కంటే కణితిలో ఇది చాలా ఎక్కువగా దొరికింది. 2017లో బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ కేంద్రం పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. పేగు నుంచి కాలేయానికి పాకిన క్యాన్సర్‌లో కూడా ఈ బాక్టీరియా ప్రాణంతో ఉందని చూపించారు. అంటే కణితి కణాలతో పాటు అదీ ప్రయాణం చేసిందన్నమాట. మనిషి కణితిని ఎలుకల్లో పెంచి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, బాక్టీరియాతో పాటు కణితి పెరుగుదల కూడా తగ్గింది. 2024లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచ్ క్యాన్సర్ కేంద్రం వాళ్లు దాదాపు 200 పెద్దపేగు కణితులను పరీక్షిస్తే, ఈ జాతిలోని ఒక ఉపరకం సుమారు సగం కణితుల్లో కనిపించింది. కడుపులోని ఆమ్లాన్ని తట్టుకునే లక్షణాలు దానికి ఉన్నాయి.

అది కణితికి ఎలా అతుక్కుంటుందో కూడా చాలావరకు తెలిసింది. క్యాన్సర్ కణాల పైన ఎక్కువగా ఉండే ఒక రకం చక్కెరను ఈ బాక్టీరియా మీదున్న ఫ్యాప్2 అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. అదే ప్రోటీన్ మన రోగనిరోధక కణాల మీదున్న ఒక బ్రేకును కూడా నొక్కుతుంది, దాంతో అవి కణితిపై దాడి చేయకుండా ఆగిపోతాయి.

కణితి ముందా బాక్టీరియా ముందా అన్న ప్రశ్న ఇంకా తేలలేదు. కణితి ఏర్పడ్డాక అక్కడ చోటు దొరికి చేరిందనే వాదన కూడా బలంగానే ఉంది. కాబట్టి చిగుళ్లు శుభ్రంగా ఉంటే పేగు క్యాన్సర్ రాదని నేను అనను. కొలొనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) చేయించుకోవాల్సిన వయసులో అది చేయించుకోవాల్సిందే. అయితే ఈ ప్రశ్న తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం తప్పు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కథ గుర్తుచేసుకోండి. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే డాక్టర్లు దాన్ని ల్యాబ్‌లో పెంచినప్పుడు, కడుపులో పుండ్లకు కారణం టెన్షన్, ఆమ్లమేనని వైద్యలోకం నమ్మేది. మార్షల్ స్వయంగా ఆ బాక్టీరియాను తాగి చూపించారు. 1994లో దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది.

ఇన్ఫెక్షన్ల విషయంలో అయితే వాదనే అక్కర్లేదు. చిగుళ్లు వాచి ఉంటే నమిలినా, బ్రష్ చేసినా నోటిలోని బాక్టీరియా రక్తంలోకి చేరుతుంది. చాలామందిలో శరీరమే దాన్ని తుడిచేస్తుంది. కృత్రిమ కవాటం ఉన్న గుండెకు మాత్రం అది ఎండోకార్డైటిస్‌గా, అంటే గుండె లోపలి పొరకు పట్టే ఇన్ఫెక్షన్‌గా మారి ప్రాణం మీదికి తేవచ్చు, అందుకే వాళ్లకు కొన్ని పంటి చికిత్సల ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. మంచాన పడ్డ పెద్దవాళ్లకు వచ్చే న్యుమోనియాలో చాలావరకు నోటిలోంచి ఊపిరితిత్తుల్లోకి జారిన బాక్టీరియా వల్లే. ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే రోజూ వాళ్ల నోరు శుభ్రం చేయడం మందు వేసినంత ముఖ్యమని దయచేసి గుర్తుంచుకోండి. రక్తంలో దొరికే బాక్టీరియా క్యాన్సర్ జాడ కూడా చెప్పొచ్చు: పేగులో ఉండే స్ట్రెప్టోకాకస్ గల్లోలిటికస్ అనే బాక్టీరియా రక్తంలో దొరికితే, రోగికి కడుపులో ఏ బాధా లేకపోయినా మంచి డాక్టరు కొలొనోస్కోపీ రాస్తారు. దాని వెనక పేగు కణితి దాగి ఉండే అవకాశం ఎక్కువని దశాబ్దాల క్రితమే తెలుసు.

ఇదంతా చదివి ఎవరూ యాంటీబయాటిక్స్ మింగొద్దు. అవి పేగులోని మంచి బాక్టీరియాను కూడా తుడిచిపెట్టి క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ లాంటి మొండి ఇన్ఫెక్షన్‌కు దారి తీయవచ్చు. ఇమ్యునోథెరపీకి (మన రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌పై దాడి చేయించే చికిత్సకు) కాస్త ముందు యాంటీబయాటిక్స్ వాడిన క్యాన్సర్ రోగుల్లో చికిత్స అంత బాగా పనిచేయలేదని అనేక అధ్యయనాల్లో కనబడింది.

నేను అడిగేది చిన్నదే. మెడ, తల భాగాలకు రేడియేషన్ ఇచ్చే ముందు డెంటిస్టుకు చూపించడం ఇప్పటికే మామూలైంది. కీమో మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ అది జరగాలి. కీమోలో తెల్ల రక్తకణాలు పడిపోయి నోరు పూసినప్పుడు, అక్కడి బాక్టీరియా రక్తంలోకి వెళ్లడానికి దారి తెరిచినట్టే. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి కళ్లు, పాదాలు చూపించుకున్నట్టే చిగుళ్లూ చూపించుకోవాలి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు, డాక్టరు అడగకపోయినా మీ చిగుళ్ల సంగతి మీరే చెప్పండి.