మెడకు దెబ్బ తగిలినవాణ్ని లేపి కూర్చోబెట్టకండి

విశాఖలో కబడ్డీ ఆడే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. "మెడ మీద పడినవాణ్ని వెంటనే లేపి కూర్చోబెట్టండి, తల పట్టి లాగితే ఎముక సర్దుకుంటుంది, నీళ్లు తాగించండి, కాళ్లూ చేతులూ ఆడుతుంటే భయం లేదు, దొరికిన ఆటోలో కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) పరుగెత్తండి" అని. ఇది నమ్మితే కుర్రాడు జన్మంతా మంచాన పడొచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం లేపడం, లాగడం. మెడలోని ఏడు పూసల మధ్య నుంచే వెన్నుపాము దిగుతుంది. పూస విరిగినా వెన్నుపాము ఇంకా బాగానే ఉండొచ్చు. తల లాగితే ఆ విరిగిన ముక్కే దాన్ని నలిపేస్తుంది. ఊపిరి పీల్చే కండరానికి నరం వెళ్లేది కూడా మెడలోంచే. అక్కడ దెబ్బ తింటే మ్యాట్ మీదే ఊపిరి ఆగిపోవచ్చు.

కాబట్టి ముందు ఆట ఆపండి. పట్టు పట్టినవాళ్లు ఒక్కొక్కరే, అతన్ని కదపకుండా పక్కకు జరగాలి. ఒకరు తలవైపు కూర్చుని, మోచేతులు నేలకు ఆనించి, రెండు అరచేతులతో తలను ఉన్నదున్నట్టు పట్టుకోవాలి. 108 సిబ్బంది వచ్చి అందుకునేదాకా వదలకూడదు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే అలవాటుగా తల తిప్పేస్తాడు, అందుకే "తల ఊపకు, నోటితో చెప్పు" అని ముందే అనండి. వాంతి వస్తే నలుగురు కలిసి తల, భుజాలు, నడుము ఒకే వరసలో ఉంచి పక్కకు దొర్లించాలి. తల పట్టుకున్నవాడి మాట మీదే మిగతావాళ్లు కదలాలి. ఊపిరే ఆడకపోతే మాత్రం మెడ గురించి ఆలోచిస్తూ ఆగొద్దు, వెంటనే సీపీఆర్ (ఛాతీ మధ్యలో గట్టిగా, వరసగా నొక్కడం) మొదలుపెట్టండి.

నీళ్లు వద్దు. పడుకున్నవాడికి పొలమారుతుంది, ఆపరేషన్ అవసరమైతే అదో ఇబ్బంది.

కాళ్లూ చేతులూ ఆడటం ధైర్యం చెప్పే గుర్తు కాదు. మెడ పూస విరిగినా లేచి నడిచేవాళ్లుంటారు, సంగతి స్కాన్‌లోనే తేలుతుంది. మెడ మధ్యలో నొప్పి, చేతుల్లో తిమ్మిరి లేదా మంట, కాళ్లలో పట్టు తప్పడం, వీటిలో ఏ ఒక్కటున్నా, కాసేపటికి తగ్గిపోయినా సరే, డాక్టర్ చూసేదాకా మళ్లీ కూతకు పంపకండి.

ఇక ఆటో. త్వరపడాలన్న ఆత్రం సరైనదే. 24 గంటల్లోపు వెన్నుపాము మీద ఒత్తిడి తీసే ఆపరేషన్ చేస్తే కోలుకునే అవకాశం పెరుగుతుందని 2012లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అయితే ఆటో సీట్లో ఎదిగిన కుర్రాణ్ని మెడ వంగకుండా పడుకోబెట్టడం కుదిరే పని కాదు, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా తల ఎగిరి పడుతుంది. 108కి ఫోన్ చేసి మెడకు దెబ్బ అని ముందే చెప్పండి. ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) గ్రౌండ్ లాంటి పెద్ద చోట ఏ గేటు నుంచి రావాలో కూడా చెప్పి, ఒకరిని రోడ్డు మీద నిలబెట్టండి.