పదో షెడ్యూల్ గారికి ఒక ఓటరు వ్రాయునది

మహారాజశ్రీ భారత రాజ్యాంగ పదో షెడ్యూల్ (అనగా పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం) గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉంటారు లెండి, వాడితే కదా అరగడానికి!

నిన్న మా ఎమ్మెల్యే గారు కండువా మార్చారు. ఏ పార్టీని మట్టి కరిపిస్తానని మా వీధిలో మైకు పగిలేలా అరిచారో, ఆ పార్టీలోకే. నియోజకవర్గ అభివృద్ధి కోసమట. విలేకరి నిలదీస్తే అది కండువా కాదు, మర్యాదకి కప్పిన శాలువా అన్నారు. రంగు అంచు లోపలికి మడుచుకుంటూ మరీ అన్నారు.

1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారితే దేశం ముక్కున వేలేసుకుంది. 1985లో 52వ సవరణతో తమరు అవతరించారు, పుట్టుకతోనే కంతతో. ఒక్కడు మారితే ఫిరాయింపు, పార్టీ ఎమ్మెల్యేల్లో మూడోవంతు మంది మూకుమ్మడిగా మారితే చీలిక! చిల్లరకి శిక్ష, టోకుకి మాఫీ. 2003లో 91వ సవరణ ఆ కంత పూడ్చి, మూడింట రెండొంతుల మంది ఒప్పుకుని వేరే పార్టీలో కలిసే విలీనాన్ని మాత్రం వదిలేసింది. పోనీండి.

నాకు మింగుడు పడనిది మీ ఆరో పేరా. అనర్హత తేల్చేది స్పీకర్ గారు. ఎప్పటిలోగా? ఆ ముక్కే లేదు. విప్‌ని, అంటే సభలో ఇలా ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించినవాణ్ణి క్షమించడానికి పార్టీకి 15 రోజులని లెక్కగట్టి రాసినవారికి, స్పీకర్ దగ్గరికొచ్చేసరికి సిరా అయిపోయిందా? ఆయన ఏ పార్టీ బీఫారం మీద గెలిచారో తెలియని అమాయకులా తమరు? పిటిషన్ పడుతుంది. నోటీసు వెళ్తుంది. జవాబుకి గడువడుగుతారు, ఇస్తారు. మళ్ళీ అడుగుతారు, మళ్ళీ ఇస్తారు. ఈలోగా ఐదేళ్ళూ నిండి సభే రద్దవుతుంది. పిటిషన్‌కి సద్గతి.

స్పీకర్ నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చని 1992లో సుప్రీంకోర్టు చెప్పింది. నిర్ణయమే రాకపోతే సమీక్షించేది దేన్ని? మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో అంది, 2025లో తెలంగాణ కేసులోనూ అంది. అసలీ ఏర్పాటు పనికొస్తోందో లేదో చూడమని పార్లమెంటుకీ చెప్పింది. అనర్హుడు మంత్రి కాకూడదని 2003లో రాసుకున్నారు, బాగుంది. అనర్హుడని తేల్చేవాడేడీ?

పార్టీలోనే ఉండి, బిల్లు నచ్చక ఎదురు ఓటేసినవాడి మీదికి మాత్రం కత్తి దూస్తావు. గడప దాటినవాడు దర్జాగా మంత్రి పదవి కోసం కాచుక్కూర్చుంటాడు.

ఇక గారూ లేదు, గీరూ లేదు. నా ఓటేమన్నా ఆయన సొంత జాగీరా, మోసుకుపోయి అవతల పార్టీకి అప్పజెప్పడానికి? పోతే పొమ్మను, రాజీనామా చేసి పొమ్మను, మళ్ళీ మా గుమ్మం ఎక్కమను. నీలో రాయాల్సింది '90 రోజుల్లోగా' అని, అంతే. నూటికి పైగా సవరణలు మోసిన రాజ్యాంగానికి ఈ ముక్క బరువైందా?

ఇట్లు,
ఓ ఓటరు