బాబాయి గిటారు, పిన్ని వడియాలు

పర్లాకిమిడిలో మా బాబాయి ఇంటి అటక మీద ఓ గిటారు పడుండేది. ఎవరిదో, ఎప్పటిదో పిన్నికి కూడా తెలీదు. ఆ ఇంట్లో పిన్నికి తెలీని సామాను అదొక్కటే. రిటైరయ్యాక బాబాయి చేతులు ఊరికే ఉండవు కాబట్టి, ఓ ఎండాకాలం దాన్ని కిందికి దించాడు. తిరగేసి దులిపితే బొద్దింకల కుటుంబం, రేషన్ కార్డు జెరాక్సు, ఓ పావలా రాలాయి. పావలా పిన్ని తీసుకుంది.

"ఇప్పుడిదేటి సేస్తారు?"

"బాగు సేస్తాను."

"సీలింగు ఫానుకీ అదే అన్నారు."

ముందు తడిగుడ్డతో శుభ్రంగా తోమి, డాబా మీద పిన్ని వడియాల పక్కన ఎండబెట్టాడు. పాత గిటార్లలో చాలావాటిని తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురుతో అతికించేవారు; తడీ వేడీ తగిలితే అది పట్టు వదిలేస్తుంది. ఆ ముక్క చెప్పబోయాను. "నౌపడా-గుణుపురం చిన్నరైలు ఇంజన్లకే నట్లు బిగించిన సెయ్యిరా ఇది" అన్నాడు. ఇక నేనేం చెప్పను?

తీగలు ఆనుకునే శాడిల్ పట్టీ విరిగిపోయింది. దాన్ని ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తారు. కొమ్ము పనికి పేరుపడ్డ ఊళ్లో ఉంటూ ప్లాస్టిక్కేమిటని బాబాయి పట్టుదల. కొమ్ము కొంగలు చెక్కే ఆయనకి కొలతలిచ్చాడు. పట్టీ అద్దంలా వచ్చింది. అలవాటు కొద్దీ ఓ చివర చిన్న కొంగ మెడ కూడా వచ్చింది. దాన్ని తీయించడానికి బాబాయికి మనసొప్పలేదు.

తీగలు మాత్రం బరంపురం నుంచి తెచ్చాడు, మోత గట్టిగా ఉంటుందని స్టీలువి. ఈ గిటారేమో మెడ వెడల్పుగా ఉండి, తీగను బ్రిడ్జికి, అంటే పైచెక్క మీద అతికించిన చిన్న చెక్కదిమ్మకి, ముడేసి కట్టే నైలాన్ రకం. ఆరు నైలాన్ తీగలూ కలిసి లాగేది సుమారు 40 కిలోలు. స్టీలువైతే 70 దాకా పోతుంది. అంటే బాబాయే వెళ్లి ఆ బ్రిడ్జి పట్టుకుని వేలాడినట్టు.

సాయంత్రం హాల్లో కూర్చుని ఫోన్‌లో యాప్ చూస్తూ శ్రుతి మొదలెట్టాడు. అయిదు తీగలకి సూది పచ్చరంగులోకొచ్చింది. ఆరోదానికి రాలేదు. బిగించాడు. ఇంకాస్త బిగించాడు. ఠప్!

బ్రిడ్జి పైచెక్క పెచ్చుతో సహా లేచి, పిన్ని ఏరిపెట్టిన వడియాల చేటలో పడింది. సిలిండరు పేలిందనుకుని పక్కింటి ఒడియా ఆవిడ "కణ హేలా? కణ హేలా?" అంటూ బకెట్టు నీళ్లతో పరిగెత్తుకొచ్చింది.

"ఏటీ నేదమ్మా, మా ఆయన పాట నేర్సుకుంటన్నారు" అంది పిన్ని, చేటలోంచి చెక్కముక్కలు ఏరుతూ.

మర్నాడు కొమ్ము పనాయన డబ్బుల కోసం వచ్చాడు. జరిగింది విని పాపం అనలేదు. చేటలో దొరికిన శాడిల్‌ని కళ్లదగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "సూసేరా బాబూ, కొంగ మెడకి గీత కూడా పడనేదు" అని, డబ్బులు లెక్కపెట్టుకుని, ఫ్లూటుకైతే ఇంకా బాగా కుదురుతుందని చెప్పి వెళ్లాడు.