దురుద్దేశం తేలేది చివర్లో, శిక్ష పడేది మొదట్లో

భారతీయ న్యాయ సంహితలోని 299వ సెక్షన్‌ను కాగితం మీద చదివితే భయపడాల్సినంత ఏమీ కనిపించదు. ఒక వర్గం మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానిస్తేనే అది నేరం. గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1కి ముందు ఇదే పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 295ఎ. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సెక్షన్ చెల్లుతుందని చెప్పింది కూడా ‘దురుద్దేశం’ అనే షరతు ఉండబట్టే. తెలియక, అజాగ్రత్తగా అన్న మాటలు దీని కిందకు రావని అప్పుడే తేల్చేసింది. అయినా ఈ సెక్షన్ పేరు చెబితే రచయితలు, కార్టూనిస్టులు, జర్నలిస్టులు వెనకడుగు వేస్తున్నారు. దురుద్దేశం ఉందో లేదో తేలేది విచారణ ముగిశాకే కదా. అప్పటికి నిందితుడు పడాల్సిన పాట్లన్నీ పడి ఉంటాడు.

కేసు నడిచే తీరు చూడండి. ఇది కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ నేరం. పోలీసులకు వారెంట్ అక్కర్లేదు. బెయిల్ హక్కుగా రాదు, కోర్టు దయతలచాలి. ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా కోర్టు ఈ నేరాన్ని విచారణకు స్వీకరించకూడదని నేర విచారణ పద్ధతిని నిర్దేశించే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 217వ సెక్షన్, అంటే పాత సీఆర్‌పీసీ 196, చెబుతోంది. గట్టి రక్షణే అనిపిస్తుంది. కానీ ఆ అనుమతి అవసరమయ్యేది చార్జిషీటు కోర్టు మెట్లెక్కినప్పుడు మాత్రమే. ఎఫ్ఐఆర్ కట్టడానికి, ఫోన్ పట్టుకుపోవడానికి, అరెస్టు చేయడానికి దానితో పనిలేదు. జల్లెడ ఉండాల్సింది గడపలో. చట్టం దాన్ని పెరట్లో పెట్టింది.

ఆన్‌లైన్‌లో పెట్టిన మాటను ఎక్కడ చదివితే అక్కడే మనోభావాలు దెబ్బతినొచ్చు. అందుకే ఒకే పోస్టు మీద నాలుగు జిల్లాల్లో నాలుగు ఎఫ్ఐఆర్‌లు పుడతాయి. ఒక కేసులో బెయిల్ వచ్చేసరికి ఇంకో ఊరి పోలీసులు పీటీ వారెంట్‌తో, అంటే జైల్లో ఉన్నవాణ్ణి తమ కేసులో హాజరుపరచాలనే కోర్టు ఉత్తర్వుతో, సిద్ధంగా ఉంటారు. ఫ్యాక్ట్‌చెకర్ మహమ్మద్ జుబైర్‌ను 2018 నాటి ట్వీట్ మీద 2022 జూన్ 27న ఢిల్లీలో అరెస్టు చేశారు. ఉత్తరప్రదేశ్‌లోని సీతాపూర్ కేసులో జులై 8న మధ్యంతర బెయిల్ దొరికినా బయటికి రాలేకపోయారు, మిగతా కేసులు వరసలో ఉన్నాయి కాబట్టి. జులై 20న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ కేసులన్నిటిలో బెయిలిచ్చి, వాటిని ఢిల్లీకి బదిలీ చేస్తే గానీ ఆ గొలుసు తెగలేదు. ఒకే ఘటన మీద రెండో ఎఫ్ఐఆర్ కుదరదని టీటీ ఆంటోనీ కేసులో 2001లోనే తీర్పుంది. కాకపోతే వేర్వేరు రాష్ట్రాల కేసులను ఒకచోటికి చేర్చాలంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లాలి. ఆ స్తోమత ఎంతమందికి ఉంటుంది?

స్తోమత ఉన్నవాళ్లకైనా తేలిగ్గా వదలదు. 2013లో ఒక బిజినెస్ పత్రిక ముఖచిత్రం మీద మహేంద్రసింగ్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో వేశారు. ఆయన తనకు తానుగా ఏదీ అనలేదు, రాయలేదు. అనంతపురం కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు పడింది. 2016 జనవరిలో నాన్‌బెయిలబుల్ వారెంట్ వచ్చింది. 2017 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేస్తూ చెప్పింది 1957 నాటి మాటే: దురుద్దేశం లేని చోట ఈ సెక్షన్ వర్తించదు. ఫిర్యాదు చదివిన రోజే తేలాల్సిన విషయానికి ఏళ్లు పట్టింది.

ఇలాంటి చట్టం లేకపోతే గొడవలు జరుగుతాయన్న వాదన ఉంది. ఈ సెక్షన్ పుట్టుకే ఆ వాదనకు జవాబు. 1924లో లాహోర్‌లో ప్రవక్త మీద వచ్చిన కరపత్రం కేసులో, అప్పటి చట్టాల కింద నేరం కాదంటూ 1927లో హైకోర్టు ప్రచురణకర్త రాజ్‌పాల్‌ను విడిచిపెట్టింది. ఆందోళనలు రేగడంతో బ్రిటిష్ ప్రభుత్వం అదే ఏడాది 295ఎ తెచ్చింది. చరిత్ర పరిశోధన, నిజాయితీగల విమర్శ చేసేవారికి రక్షణ ఉండాలని జిన్నా అప్పుడే హెచ్చరించారు. చట్టం వచ్చాక కూడా రాజ్‌పాల్ ప్రాణం దక్కలేదు, 1929లో హత్యకు గురయ్యారు. అల్లరి చేస్తే చట్టం వస్తుందన్న పాఠం మాత్రం అందరికీ వంటబట్టింది. వీధిలో ఎంత గొడవ జరిగితే కేసు అంత బలపడుతుంది. ఊరేగింపులు, హింస జరుగుతాయన్న బెదిరింపుకు లొంగి భావప్రకటనను అణచివేయడమంటే బ్లాక్‌మెయిల్‌కు తలొగ్గడమేనని 1989లో ఎస్.రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆచరణలో పోలీసులు ముందు పట్టుకుపోయేది రాసినవాడినే, రాళ్లేసినవాడిని కాదు.

దురుద్దేశం అనే ఆ ఒక్క షరతునూ తీసేస్తే ఏమవుతుందో పాకిస్తాన్‌లో చూడొచ్చు. 295ఎ వాళ్లకూ వారసత్వంగా వచ్చిందే. సైనిక పాలకుడు జియా ఉల్ హక్ హయాంలో దాని పక్కన 1982లో 295బి, 1986లో 295సి చేర్చారు. ప్రవక్తను పరోక్షంగా, సూచనగా కించపరిచినా 295సి కింద మరణశిక్ష లేదా యావజ్జీవం. ఉద్దేశం ప్రస్తావనే అందులో లేదు. 1990లో ఫెడరల్ షరియత్ కోర్టు యావజ్జీవాన్ని కూడా కొట్టేసి మరణశిక్షే ఖాయమంది. అన్న మాటల్ని కోర్టులో మళ్లీ పలికితే అదీ దూషణే అవుతుందన్న భయంతో, అసలు ఏమన్నారో నిగ్గుతేల్చే పనే కుంటుపడుతుంది. 2009లో దైవదూషణ ఆరోపణ మీద అరెస్టైన క్రైస్తవ మహిళ ఆసియా బీబీకి 2010లో ఉరిశిక్ష వేశారు. సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగడం లేదని, ఫిర్యాదే ఐదు రోజులు ఆలస్యమైందని అక్కడి సుప్రీంకోర్టు గుర్తించి నిర్దోషిగా తేల్చేసరికి 2018 అక్టోబరు 31 వచ్చింది. ఈలోపు ఆమె పక్షాన మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను 2011 జనవరిలో సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. రెండు నెలలకు మంత్రి షాబాజ్ భట్టీనీ చంపేశారు. ఈ నేరానికి అక్కడ కోర్టు ఆదేశంతో ఎవరినీ ఉరితీయలేదు. ఆ పని గుంపులే చేశాయి. మన పంజాబ్ అసెంబ్లీ 2018లో పవిత్ర గ్రంథాల అపవిత్రతకు యావజ్జీవం విధించే బిల్లును ఆమోదించినప్పుడు ఈ చరిత్ర సరిహద్దు అవతలే కళ్లముందుంది.

299ని రద్దు చేయాలన్నదే నా అభిప్రాయం. దేవుణ్ణి, మతాన్ని కాపాడటం పోలీస్ స్టేషన్ పని కాదు. మనుషుల్ని కాపాడటానికి వేరే సెక్షన్లున్నాయి: ప్రార్థనా స్థలాలను ధ్వంసం చేస్తే 298, మతకార్యాలకు అడ్డుపడితే 300, అల్లర్లకు ఉసిగొల్పితే 192, వర్గాల మధ్య శత్రుత్వం రేపితే 196. ఈ చివరిది కూడా దుర్వినియోగం అవుతూనే ఉంది కాబట్టి, హింసకు ప్రేరేపించిన మాటలకే దాన్ని పరిమితం చేయాలి. రద్దుకు పార్లమెంటులో ధైర్యం వచ్చేదాకా చేయగలిగింది లేకపోలేదు. మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరపొచ్చని బీఎన్ఎస్ఎస్ 173(3) అంటోంది. భావప్రకటన కేసుల్లో ఈ విచారణ జరపడమే ఎప్పుడూ సముచితమని, మాటల ప్రభావాన్ని దృఢచిత్తులైన మనుషుల కొలమానంతో చూడాలే తప్ప ప్రతి విమర్శలో ప్రమాదం చూసేవారి కొలమానంతో కాదని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టంలో ఉన్నది మాత్రం ‘జరపవచ్చు’ అనే. దాన్ని ‘జరపాలి’ అని మార్చి, ప్రభుత్వ అనుమతిని అరెస్టుకూ తప్పనిసరి చేసి, నేరాన్ని బెయిలబుల్‌గా సవరిస్తే, ముందురోజు రాత్రి పోస్టు పెట్టినవాడు మర్నాడు లాకప్‌లో కాకుండా ఇంట్లోనే ఉండి లాయరుతో మాట్లాడుకోగలుగుతాడు.