మ.రా.రా.శ్రీ ఎన్వోసీ గారికి

మహారాజరాజశ్రీ నిరభ్యంతర పత్రం గారి దివ్యసముఖమునకు, ఆంధ్రా నుంచి గుజరాత్‌కి కాపురం మార్చిన ఒక అకౌంటెంటు నమస్కరించి వ్రాసుకొను విన్నపములు. ఇచట మేమంతా క్షేమం. తమరి క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు. దేశంలో ఏ ఆఫీసు గుమ్మం తొక్కినా తమరు గుండ్రాయిలా ఉన్నట్టే తెలుస్తోంది.

ఈ ఉత్తరం ఇప్పుడెందుకంటే, పోయిన వారం మా బావమరిది ఫోన్ చేశాడు. వాడికి మిజోరాం ట్రాన్స్‌ఫరయింది. "బావా, నువ్వు వేరే రాష్ట్రం వెళ్ళినవాడివి కదా, బయల్దేరే ముందు ఏమేం తెలుసుకోవాలో చెప్పు" అన్నాడు. ఎండలూ వానలూ, ఇంటద్దెలూ, భాషా చెబుతాననుకుని పుస్తకం, పెన్నూ దగ్గర పెట్టుకున్నాడట పాపం. నా నోట మొదట వచ్చింది తమరి పేరే. "అదేంటి బావా, అది బండికి కదా?" అన్నాడు. అవును నాయనా, బండికే. మనుషులు ఎక్కడికైనా పోవచ్చు, బండి పోకూడదు.

తమరి పేరే ఒక తమాషా. "మాకేమీ అభ్యంతరం లేదండీ" అనే మాట పెళ్ళిచూపుల్లో కాఫీ చల్లారేలోపు చెప్పేస్తారు మనవాళ్ళు. తమరు అదే ముక్క చెప్పడానికి నాలుగు ఆఫీసుల చేత సంతకాలు పెట్టించి, అభ్యంతరం లేదని రుజువయ్యాక గానీ లేదనరు. అంటే అప్పటిదాకా ఉన్నట్టే లెక్క!

తమరి మీద గౌరవంతోనే మోటారు వాహనాల చట్టం, 1988 చదివాను. 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకి మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు పాత రాష్ట్రం రవాణా ఆఫీసు నుంచి తమరు రావాలి; 48వ సెక్షన్‌లో తమరు దర్శనమిస్తారు. ఫారం 28, మూడు కాపీలు. మా కారు 2016లో కొన్నది. దానికి కట్టించుకున్న పన్ను పేరు "జీవితకాలపు పన్ను". ఎవరి జీవితకాలం అని అప్పుడు అడగలేదు, నాదే తప్పు. రాష్ట్రం సరిహద్దు దాటితే ఆ జీవితం ముగిసి పునర్జన్మ మొదలవుతుందనీ, కొత్త రాష్ట్రంలో బండి వయసు చూసి మళ్ళీ పన్ను కట్టాలనీ, పాత రాష్ట్రం నుంచి మిగిలిన కాలానికి వాపసు కోసం వేరే అర్జీ పెట్టుకోవాలనీ తర్వాత తెలిసింది. గరుడ పురాణం ఇంతకంటే తేలిగ్గా ఉంటుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు, తమరిని వెంటబెట్టుకోకుండా బయల్దేరడం. సామాను లారీ ఎక్కింది, మేం కారెక్కాం. పది నెలలు హాయిగా తిరిగాక గడువు గుర్తొచ్చింది. (ఎప్పుడొచ్చావని దారిలో ఆపినవాళ్ళకి చూపించడానికి ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ భద్రంగా దాచుకున్నాను. ఈ ఒక్క విషయంలో నాకు నేనే శభాష్ చెప్పుకుంటాను.) అప్పటికి బండి గుజరాత్‌లో, తమరు ఆంధ్రాలో, నేను రైల్లో.

రైలెక్కే ముందు ఛాసిస్ నంబరుకి పెన్సిల్ ప్రింటు తీయాలన్నారు. మెకానిక్ కుర్రాడు బానెట్ ఎత్తి, కిరసనాయిలు గుడ్డతో ఏడేళ్ళ జిడ్డు తుడిచి, పల్చటి కాగితం అద్ది, పెన్సిల్ ముక్క అడ్డంగా పట్టి మెల్లిగా రుద్దాడు. చిన్నప్పుడు పావలా బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దితే సింహాలు తేలేవి, గుర్తుందా? అలాగే ఒక్కో అంకె తేలింది. చివర్లో ఉన్నది మూడో ఎనిమిదో తెలియలేదు. మళ్ళీ రుద్దాడు. కాగితం చిరిగింది. మూడు కాపీలు అయ్యేసరికి చీకటిపడి, మా ఆవిడ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నిలబడింది. కలమళ్ళ శాసనానికి అచ్చు తీసినవాళ్ళు కూడా ఇంత అవస్థ పడి ఉండరు. ఆ కాగితాల్ని పెళ్ళి శుభలేఖల్లా కవర్లో పెట్టి తీసుకెళ్ళాను.

ఇక తమరి పరివారం. తమరు రావాలంటే ముందు తమరి పిల్లలు రావాలి. అప్పు తీరి మూడేళ్ళయినా సీ బుక్కులో బ్యాంకు పేరు చెరగలేదు కాబట్టి బ్యాంకు ఎన్వోసీ ఒకటి. అది ఇంట్లోనే ఉంది గానీ "పాతబడిపోయింది, కొత్తది తెచ్చుకోండి" అన్నారు. నాకు తెలిసి పాతబడితే పనికిరానివి పాలూ పెరుగూనే. దాని తర్వాత, ఈ బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసుల రిపోర్టు. నా బండిని నేను ఎత్తుకుపోవడం లేదని రూఢి చేసుకోవడం అన్నమాట. ఆపైన పాత చలాన్లు. దాదాపు మూడేళ్ళ నాటి సిగ్నల్ జంపింగ్ ఒకటి బయటపడింది. ఫోటో పెద్దది చేసి చూస్తే కారు నాదే, కిటికీలోంచి బయటికి వేలాడుతున్న చెయ్యి మాత్రం మా బావమరిదిది. వాచీ నేను పెట్టిందే. దసరాకి వచ్చి "అలా తిరిగొస్తాను బావా" అని తాళాలు తీసుకున్న రోజది. బావమరిది కాబట్టి కిక్కురుమనకుండా కట్టాను.

అన్నీ ఇచ్చి నెల దాటినా తమరు రాలేదు. ముప్పై రోజుల్లో కాదనకపోతే ఇచ్చినట్టే లెక్క అని ఆ 48వ సెక్షన్‌లోనే ఉంది కదా అని కౌంటరు దగ్గర వినయంగా మనవి చేశాను. లోపలాయన నాకంటే వినయంగా జవాబిచ్చాడు: "చట్టంలో ఉంది సార్. కంప్యూటర్‌లో లేదు."

ఈ బాధలేమీ పడకుండా 2021లో భారత్ సిరీస్ నంబరు తెచ్చారని తెలిసి సంబరపడ్డాను. రెండేసి ఏళ్ళకి పన్ను కట్టుకుంటూ ఏ రాష్ట్రంలోనైనా తిరగొచ్చు. ప్రభుత్వోద్యోగులు అర్హులు. ప్రైవేటు వాళ్ళయితే కంపెనీకి కనీసం నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులుండాలి. మా కంపెనీకి మూడున్నాయి. నాలుగోది ఎక్కడైనా ఒక గదిలో పెట్టరాదా అని మేనేజరుని అడిగాను. ఆయన నా ఇంక్రిమెంటు కాగితం చూస్తూ మాటమార్చాడు.

తమరి చుట్టాలు కూడా తక్కువవాళ్ళేం కాదు. గ్యాస్ సిలిండరూ రెగ్యులేటరూ అప్పగిస్తే టెర్మినేషన్ వోచర్ ఇచ్చారు, అందరూ ముద్దుగా టీవీ అంటారు. "రేపు టీవీ తెస్తున్నా" అని నేనన్న మాటకి మా చిన్నది రాత్రంతా నిద్రపోలేదు. అంత ఆశపడి చివరికి ఒక పసుపు కాగితం చూసి ఏడ్చింది. దానికి నడి ఏడాదిలో టీసీ తీసుకున్నాం. గుజరాత్‌లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏ సిలబస్ బడైనా గుజరాతీ నేర్పాలని 2023లో చట్టం చేశారు. నాకు దిగులేసింది గానీ దానికి వేయలేదు. నాగరి అక్షరాల నెత్తి మీద గీత తీసేస్తే సగం వచ్చేసినట్టేనని నెలలో తేల్చేసింది. నేను మాత్రం బస్టాండులో ఒకటో నంబరు కోసం నిలబడి నాలుగు బస్సులు వదిలేశాను. వాళ్ళ ఒకటి మన తొమ్మిదిలా ఉంటుందని చెప్పింది కూడా అదే.

పెద్దవాడి సంగతి మాత్రం నవ్వులాటగా రాయలేను. వాడప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు, డాక్టరవుతానంటాడు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళూ వరసగా ఆంధ్రాలో చదివినవాడు స్థానికుడు. లెక్కేస్తే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. సరిగ్గా నేను గుజరాత్‌లో ఉండబోయే ఏళ్ళు. అందరికంటే ముందు ఇది చూసుకోమనే ఎవరు అడిగినా చెబుతున్నాను. అద్దెలూ ఎండలూ వెళ్ళాక తెలిసినా సర్దుకోవచ్చు, ఈ నాలుగేళ్ళు మళ్ళీ రావు. వాణ్ణి మా అమ్మ దగ్గరే ఉంచి వచ్చాం. వెళ్ళొద్దని నెల రోజులు నాతో మాట్లాడని మా అమ్మ, ఈ 85 శాతం సంగతి వినగానే లేచి నాలుగట్లు పోసింది. ప్రభుత్వ ఉత్తర్వుల పట్ల ఆవిడకి అంత భక్తి ఉందని నాకప్పటిదాకా తెలియదు.

ఇల్లు వెతకడంలోనూ తమరు ఎదురయ్యారు. ఓనరు ఒప్పుకుంటే చాలదు, సొసైటీ వాళ్ళ ఎన్వోసీ కావాలి. కమిటీలో పెద్దాయన ఉద్యోగం అడగలేదు, జీతం అడగలేదు. "గుడ్డు?" అన్నాడు, ఒకే మాట. నేను మా ఆవిడ వంక చూశాను. ఆవిడ సీలింగ్ వంక చూసింది. అన్ని సొసైటీలూ అలా ఉండవు, మేం చేరిన చోట అడగనే లేదు. అయితే ఈ ఒక్క మాట అడ్వాన్సు ఇచ్చే ముందే తేల్చుకోవాలి. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు. ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి కనక, దేశమంతా నెల కోసేసుకుని బతుకుతోంది. మరి బండికి పన్నెండు నెలల గడువు, ఇంటికి పదకొండు. బండి ఇల్లు లేకుండా ఒక నెల ఉండగలదని చట్టం చేసినవాళ్ళ అంచనా కాబోలు.

మేం దిగింది 2023 దీపావళి వెళ్ళిన రెండో రోజు. అమావాస్య వెళ్ళిందిగా, మంచిదే అనుకున్నాం. వాళ్ళకి ఉగాది దీపావళి వెనకాలే వస్తుందనీ, చాలా దుకాణాలు లాభ్ పాంచమ్ దాకా, అంటే కార్తీక శుద్ధ పంచమి దాకా, తెరవరనీ ఒక్కరు చెప్పలేదు. హాల్లో ఫ్యాను తిరగలేదు. ఎలక్ట్రీషియన్ ఫోన్లో ఎంతో ప్రేమగా నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పి పెట్టేశాడు. పంచమి నాడు వచ్చి రెండు నిమిషాల్లో బాగుచేసి, మిఠాయి కూడా ఇచ్చి వెళ్ళాడు. మంచివాళ్ళు. మనం "వెళ్ళొస్తాను" అంటాం కదా, వాళ్ళు సాగనంపుతూ "ఆవ్‌జో" అంటారు, మళ్ళీ రండి అని. బండి కొత్త నంబరు కోసం వెళ్ళిన కౌంటరు దగ్గర కూడా నన్ను అలాగే సాగనంపారు. అక్కడ ఆ మాట అక్షరాలా నిజమైంది, నాలుగుసార్లు.

అయ్యా, తమరికి చోటు లేనిచోట నిజమైన అభ్యంతరాలున్నాయి. పప్పులో బెల్లం వేస్తారు. మొదటి రోజు పక్కింటి బెన్ (అంటే అక్కగారు) ఇచ్చిన గిన్నె చూసి, పొరపాటున పాయసం పక్కన పెట్టారనుకున్నాను. లారీ వాళ్ళు నూనె ఉన్న సామాను ఎక్కించేది లేదంటే ఆవకాయ జాడీకి మూతి మీద గుడ్డ కట్టి, వెనక సీట్లో కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టి తెచ్చాం. పెద్దవాడు కూర్చునే సీటది. దారిలో ఎక్కడ బ్రేకు వేసినా మా ఆవిడ చెయ్యి వెనక్కి వెళ్ళి జాడీని పట్టుకునేది. తమరి ఫారంలో దీనికి గడి లేదు. ఉంటే మూడు కాపీలూ నింపేవాణ్ణి.

ఇంతకీ తమరు పన్నెండో నెల ఆఖరు వారంలో వచ్చారు, సంతోషం. మా కారు ఇప్పుడు జీజే. పేరు మారిందని ఇన్సూరెన్సుకీ ఫాస్టాగ్‌కీ వేరే చెప్పుకున్నాం. ఊరికెళ్తే మా వీధివాళ్ళు "ఎవరో గుజరాతీవాళ్ళొచ్చారు" అని తలుపులు తీసి చూస్తున్నారు.

ఇదంతా బావమరిదికి గంటసేపు చెప్పాను. చలాను సంగతి దగ్గర కొంచెం దగ్గాడు. అంతా విని, "బావా, మిజోరాంలో ఇన్నర్ లైన్ పర్మిట్ అని మనిషికే పర్మిట్టట, 1873 నాటిదట" అన్నాడు. తమరికి మనుషుల్లోనూ వంశం ఉందని నాకప్పుడే తెలిసింది. "మరి నా స్కూటర్ తీసుకెళ్ళనా, వద్దా?" అని అడిగాడు. నేనేం చెప్పలేదు. పెన్సిల్ ప్రింటు తీయడం ఎలాగో మాత్రం వర్ణించాను.

వాడు మొన్న ఒక్క సూట్‌కేసుతో రైలెక్కాడు. స్కూటరు మా అత్తగారి వాకిట్లో, పారిజాతం కింద, టార్పాలిన్ కప్పుకుని ఉంది. పిల్లి ఒకటి దాని సీటు మీద పడుకుంటోందట. పడుకోనివ్వమన్నారు అత్తగారు, తనకేమీ అభ్యంతరం లేదని నోటిమాటగానే.

చిత్తగించవలెను.